ఎండకు ఓర్చే చెట్టు, గారాబానికి ఓర్వదు: కార్క్ ఓక్ పెంపకం మీద ప్రసంగ పాఠం

(ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేసిన పాఠం ఇది. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వినబడుతోందా? ఫ్యాను చప్పుడు అడ్డమైతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

ముందు ఈ ముక్కను చేతులు మారుస్తూ వెనకదాకా పంపండి. ఏమిటిది? సీసా బిరడా. అందరూ చూసిందే. గోటితో నొక్కి చూడండి, లోపలికి పోతుంది. వదిలేయండి, మళ్లీ పైకి లేస్తుంది. నీళ్లలో వేస్తే తేలుతుంది. ఇది జీలుగు బెండు లాంటిది కాదా అని పోయినసారి ఒకరు అడిగారు. కాదండీ. జీలుగు బెండు కాడ లోపల ఉండేది, ఇది చెట్టు పైన ఉండే బెరడు. 1665లో రాబర్ట్ హుక్ ఇలాంటి ముక్కనే పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు. తేనెపట్టులో ఉన్నట్టు చిన్న చిన్న గదులు కనిపించాయి. వాటికి ఆయన పెట్టిన పేరే సెల్. మనం కణం అంటున్నామే, ఆ మాటకు పుట్టిల్లు ఈ బెరడు ముక్క. ఆయన చూసింది చచ్చిన కణాల గోడల్ని, లోపల గాలి తప్ప ఏమీ లేదు. ఆ గాలి వల్లే ఇది తేలుతోంది, ఆ గాలి వల్లే వేడిని లోపలికి పోనివ్వదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మంటల గురించి మాట్లాడేటప్పుడు మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఈ బెరడు ఇచ్చే చెట్టు పేరు కార్క్ ఓక్. శాస్త్రీయ నామం క్వెర్కస్ సూబెర్. ఓక్‌ను మన నిఘంటువుల్లో సింధూర వృక్షం అని రాస్తారు. ఆ మాట నేను వాడను. ఎందుకంటే సింధూరం అనగానే సగం మందికి బొట్టే గుర్తొస్తుంది. ఇంకో తికమక కూడా ఉంది. కాడమల్లె చెట్టును ఇంగ్లీషులో ఇండియన్ కార్క్ ట్రీ అంటారు. ఆ పేరు చూసి కొని, ఇదే అది అనుకుంటున్నవాళ్లు ఈ గదిలోనే ఇద్దరున్నారు, వాళ్ల పేర్లు చెప్పను. రెండూ వేరు. కుటుంబాలే వేరు.

కార్క్ ఓక్ సొంతూరు మధ్యధరా సముద్రానికి పడమటి భాగం. పోర్చుగల్, స్పెయిన్, మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, ఫ్రాన్స్ దక్షిణ కొస, ఇటలీలో ముఖ్యంగా సార్డీనియా దీవి. ప్రపంచంలో వచ్చే కార్క్‌లో దాదాపు సగం ఒక్క పోర్చుగల్‌దే. 2011లో వాళ్లు దీన్ని జాతీయ వృక్షంగా ప్రకటించుకున్నారు. అక్కడ తన సొంత పొలంలో ఉన్న కార్క్ ఓక్‌ను కొట్టాలన్నా రైతు ముందు అనుమతి తీసుకోవాలి. ఏడాదంతా పచ్చగా ఉంటుంది. పదిహేను ఇరవై మీటర్ల ఎత్తు పెరుగుతుంది, గొడుగు కూడా దాదాపు అంతే వెడల్పు. రెండొందల ఏళ్లు హాయిగా బతుకుతుంది. కాబట్టి రెండు కుర్చీలు పట్టే పెరటికి ఇది కుదరదు. స్థలం ఉన్నవాళ్లకే ఈ ప్రసంగం. స్థలం లేనివాళ్లు ఊరికే వినండి, వినడానికి స్థలం అక్కర్లేదు కదా.

ఇప్పుడు అసలు విషయం. "ఇది ఎండను తట్టుకునే చెట్టు" అని ఎక్కడ చదివినా కనిపిస్తుంది. నిజమే. పోర్చుగల్ దక్షిణాన ఆలెంటేజు అనే ప్రాంతంలో వేసవిలో నలభై డిగ్రీలు దాటుతుంది, నెలల తరబడి చినుకు పడదు, ఈ చెట్టు మాత్రం నిలబడే ఉంటుంది. మరి ఎండల్లో నాటిన వాళ్ల చెట్లు ఎందుకు చస్తున్నాయి? ఎప్పుడైనా ఆలోచించారా?

నేను చూసినంతలో ఎండకు చచ్చిన కార్క్ ఓక్‌లు తక్కువ. గారాబానికి చచ్చినవే ఎక్కువ.

పొడి వాతావరణం అంటే ఒకటే రకం అనుకుంటాం. రెండు రకాలు. ఒక రకంలో చలికాలం వానలు పడతాయి, ఎండాకాలం పూర్తిగా పొడి. అంటే నేల తడిగా ఉన్నప్పుడు చల్లగా ఉంటుంది, వేడిగా ఉన్నప్పుడు పొడిగా ఉంటుంది. తడీ వేడీ ఒకేసారి రావు. కార్క్ ఓక్ పుట్టింది ఆ లెక్కలో. ఏడాదికి అయిదారొందల నుంచి ఎనిమిదొందల మిల్లీమీటర్ల వాన దానికి బాగా సరిపోతుంది. నాలుగొందలతో కూడా సర్దుకుంటుంది. రెండో రకంలో ఏడాది మొత్తం మీద వాన తక్కువే, కానీ ఆ కొంచెమూ వేడి నెలల్లోనే ధబధబా పడుతుంది. అప్పుడు వేడీ తడీ జంటగా వస్తాయి. ఈ చెట్టుకు భయం అదే. ఇంకోలా చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. వేడి నేల, తడి నేల, ఈ రెండూ విడివిడిగా ఉంటే దానికి ఇబ్బంది లేదు. కలిస్తేనే ఇబ్బంది.

మరి రెండో రకం వాతావరణంలో నాటకూడదా? నాటొచ్చు. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో ఏడాది పొడవునా అంతో ఇంతో వాన పడుతూనే ఉంటుంది, వేసవిలో కూడా. అయినా ఆ నగరాన్ని రూపకల్పన చేసిన వాల్టర్ బర్లీ గ్రిఫిన్ చొరవతో 1917 ప్రాంతంలో అక్కడ కార్క్ ఓక్ తోట వేశారు. వందేళ్లు దాటింది, ఇప్పటికీ ఉంది. ఈ రోజు అది అక్కడి నేషనల్ ఆర్బరేటం అనే చెట్ల వనంలో భాగం. అది వాలు నేల, పడ్డ నీళ్లు నిలవవు. వేసవి వానలున్న చోట మీరు చూసుకోవాల్సింది ఇదే. నీళ్లు నిలవని నేల దొరికితే ముందుకు వెళ్లండి, దొరకకపోతే ఇంకో చెట్టు చూసుకోండి. మొండిగా నాటి పదేళ్ల తర్వాత బాధపడొద్దు.

నేలకు రెండు పరీక్షలు. డబ్బు ఖర్చు లేనివి.

మొదటిది గుంత పరీక్ష. రెండడుగుల లోతు తవ్వండి. నిండా నీళ్లు పోసి ఇంకనివ్వండి. మళ్లీ నింపండి. ఈ రెండోసారి పోసిన నీళ్లే అసలు లెక్క, మొదటి నీళ్లను పొడి మట్టి మొహమాటం లేకుండా తాగేస్తుంది. తెల్లారి చూస్తే గుంతలో ఇంకా నీళ్లుంటే ఆ చోటు వద్దు. బంకమట్టి నేలల్లో చాలాసార్లు ఇదే జరుగుతుంది. మరీ ఆ చోటే కావాలంటే వెడల్పుగా దిబ్బ పోసి దాని మీద నాటాలి. దిబ్బ అంటే పెళ్లి పీటంత కాదు, నాలుగైదు మీటర్ల అడ్డం ఉండాలి.

రెండోది సున్నం పరీక్ష. ఎండిన మట్టి గుప్పెడు తీసుకుని నాలుగు చుక్కలు వెనిగర్ వేయండి. బుసబుస పొంగితే సున్నపు నేల. కార్క్ ఓక్‌కు సున్నం పడదు. ఇసుక నేల, గరప నేల, గ్రానైటు రాయి కరిగి అయిన నేల, కొంచెం పులుపు వైపు ఉన్న నేల దానికి ఇష్టం. సున్నపు నేలలో ఆకులు పసుపెక్కుతాయి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అది చూసి ఎరువు తక్కువైందని ఎరువేస్తారు. ఎరువు తక్కువ కాదు, ఇనుము నేలలో ఉన్నా సున్నం వల్ల వేరు తీసుకోలేకపోతోంది. సున్నపు నేలవాళ్లకు హోమ్ ఓక్ అని దీని దాయాది ఉంది, దూరం నుంచి చూస్తే ఇద్దరినీ పోల్చుకోవడం కష్టం. అది సున్నాన్ని పట్టించుకోదు. బెరడు మాత్రం ఇలా ఉండదు. ఇంకో మాట. మట్టి మంచిదే అయినా బోరు నీళ్లలో సున్నం ఎక్కువుంటే, ఏళ్ల తరబడి అవే పెడితే, నేల కూడా నెమ్మదిగా అటే మళ్లుతుంది. బిందె అడుగున తెల్లగా పేరుకుంటోందా? అయితే ఆలోచించాల్సిందే.

సరే, చోటు కుదిరింది. మొక్క ఎక్కణ్నుంచి తేవాలి? చాలామంది నర్సరీ అంటారు. నేను కాయ అంటాను.

ఓక్ కాయ చూశారు కదా, కింద చిన్న గిన్నె, అందులో నున్నటి కాయ. ఇది మిగతా విత్తనాల్లాంటిది కాదు. కందులో మినుములో అయితే ఎండబెట్టి డబ్బాలో పోసి మూతపెడితే మరుసటేడు కూడా మొలుస్తాయి. ఓక్ కాయను ఎండబెట్టారా, చచ్చిందే. దానికి నిద్రపోవడం తెలియదు. చెట్టు నుంచి రాలిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది. అమెరికా అధ్యక్షుడిగా చేసిన థామస్ జెఫర్సన్‌కు ఈ చెట్టంటే మహా మోజు. యూరప్ నుంచి కాయలు తెప్పించి ఏళ్ల తరబడి ప్రయత్నించాడు. ఆ రోజుల్లో ఓడ ప్రయాణం వారాల మీద వారాలు. ఆయన కోరిక తీరలేదు. దేశానికి అధ్యక్షుడైనా సరే, ఎండిన ఓక్ కాయ మొలవదు.

కాబట్టి కాయలు శరదృతువులో, చలి మొదలయ్యేటప్పుడు, తాజాగా సంపాదించాలి. వెంటనే నాటలేకపోతే తడి ఇసుకలో కలిపి, గాలాడే సంచిలో పెట్టి, ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచండి. గడ్డకట్టే చోట పెట్టొద్దు. అలా రెండు మూడు నెలలు నెట్టుకురావచ్చు. మధ్యలో తీసి చూస్తే కొన్నింటికి వేరు వచ్చేసి ఉంటుంది. కంగారుపడకండి, అవే మంచివి. వేరు విరగకుండా వాటిని ముందు నాటండి.

ఒక్కో చోట మూడు కాయలు, జానెడు దూరంలో. కాయను నిలబెట్టొద్దు, పడుకోబెట్టండి. పైన రెండు వేళ్ల మందం మట్టి. తర్వాత ఎలుకల సంగతి. దీని గురించి నేను చెప్పినా వినరు, ఒక పంట పోగొట్టుకున్నాక వింటారు. ఎలుకకు ఓక్ కాయ అంటే పండగ. నాటిన రాత్రే వరసగా తవ్వుకుంటూ పోతుంది, మనం గుర్తుకు పెట్టిన పుల్లలు దానికి దారి చూపిస్తాయి. సన్న కన్నుల ఇనుప జాలీని గొట్టంలా చుట్టి, ఒక జానెడు భూమిలోకి దించి, పైన కూడా మూసేయండి. మొలక ఎదిగాక పైభాగం తెరవండి, చుట్టూ ఉన్నది ఉండనివ్వండి. కుందేళ్లున్న చోట అది మూడు నాలుగేళ్లు ఉండాల్సిందే. కొందరు మూసిన ప్లాస్టిక్ గొట్టాలు తొడుగుతారు. చల్లటి చోట్ల బాగానే ఉంటాయేమో, ఎండ ప్రాంతంలో మాత్రం మొక్కను ఆవిరి మీద ఉడికించినట్టే.

మొలిచిన మొదటి ఏడాది మీకు నిరాశ తప్పదు. పైకి జానెడు కూడా ఉండదు. అదే సమయంలో కిందికి మూర దాటి వెళ్లిపోతుంది తల్లివేరు. ముందు వేరు, తర్వాతే ఆకు. ఎండాకాలం వచ్చేలోపు లోతు తడిని అందుకోవాలని దాని ఆత్రం. ఇప్పుడు చెప్పండి, ఇలాంటి మొక్కను చిన్న సంచిలో రెండేళ్లు పెంచితే ఆ తల్లివేరు ఎక్కడికి పోతుంది?

నా సంగతే చెబుతాను. మొదట్లో నాకూ ఓపిక లేదు. ఒక నర్సరీలో నాలుగడుగుల మొక్క కొన్నాను, కళ్లకు నిండుగా ఉంది. నాటాను. ఏడెనిమిదేళ్లు బాగానే పెరిగింది, అందరికీ చూపించి గొప్పలు కూడా చెప్పుకున్నాను. ఒక గాలివానకు మొదలుతో సహా వాలిపోయింది. లేపి చూస్తే కింద ఏముంది? సంచి ఆకారం. అవును, సంచిలో ఎలా చుట్టుకుందో అలాగే, చాపచుట్టలా, ఏడెనిమిదేళ్ల తర్వాత కూడా వేరు గుండ్రంగానే తిరుగుతోంది. తప్పు ఎవరిదంటే నాదే, కొనేముందు సంచి చింపి చూడలేదు. దాని పక్కనే అదే ఏడాది కాయ పెట్టి మొలిపించిన చెట్టు ఉంది. మొదట్లో దీని మోకాలికి కూడా వచ్చేది కాదు. ఆ గాలికి అది కదల్లేదు.

తప్పనిసరిగా మొక్కే కావాలంటే ఏడాది వయసుకు మించనిది, లోతైన సన్నటి గొట్టంలో పెంచినది తీసుకోండి. ఎత్తు చూడకండి, అడుగు చూడండి. మొక్క కొనడానికి నేను భయపడేందుకు ఇంకో కారణం ఉంది, దాని దగ్గరికి వస్తున్నాను.

గుంతలో పశువుల ఎరువు, కంపోస్టు నింపొద్దు. చుట్టూ గట్టి నేల, మధ్యలో మెత్తటి ఎరువు గుంత అంటే అది నీళ్ల తొట్టి అవుతుంది. తవ్విన మట్టినే తిరిగి వేయండి. పైన మాత్రం ఆకులు, కొమ్మల తురుము నాలుగు వేళ్ల మందాన పరవండి, మొదలుకు తగలకుండా జానెడు ఖాళీ వదలండి.

ఇప్పుడు నీళ్లు. ఈ రోజు ఇంకేం మర్చిపోయినా దీన్ని మర్చిపోవద్దు.

మొదటి ఎండాకాలం నేను పది పదిహేను రోజులకొకసారి, ఒక్కో మొక్కకు బకెట్టున్నర నీళ్లు, నెమ్మదిగా ఇంకేలా పెడతాను. రెండో ఎండాకాలం మూడు వారాలకొక తడి. మూడో ఏడాది ఆకు కళ తప్పితేనే. ఆ తర్వాత? ఆ తర్వాత పైపు చుట్టి అటక మీద పెట్టేయడమే. రోజూ చెంబెడు నీళ్లు పోసేవాళ్లున్నారు, ప్రేమతోనే పోస్తారు. ఆ చెంబెడు నీళ్లు పై రెండంగుళాలే తడుపుతాయి. వేరు ఎందుకు కిందికి పోవాలి మరి? కూర్చున్న చోటికి కంచం వస్తుంటే ఎవరు లేస్తారండీ?

పెద్ద చెట్టు ఎండాకాలం ఏం చేస్తుందో తెలిస్తే మీరే నీళ్లు మానేస్తారు. మధ్యాహ్నం ఎండ ముదిరేసరికి ఆకుల రంధ్రాలు మూసుకుంటుంది. ఒక వేరు అడుగుకు దిగి ఉంటుంది, ఇంకొన్ని పైపైన దూరంగా పాకి ఉంటాయి. రాత్రిపూట లోతు నుంచి నీళ్లు పైకి లాగి, పొడి మట్టిలో ఉన్న పై వేర్ల ద్వారా కొంత బయటికి వదులుతుంది. పోర్చుగల్‌లో కొలతలు పెట్టి మరీ గమనించారు దీన్ని. అంటే తన పాదుకు తనే తడి పెట్టుకుంటోంది. మనం మధ్యలో దూరడం దేనికి?

దూరితే ఏమవుతుందో చెబుతాను. ఫైటోఫ్తోరా సిన్నమోమి అని నేలలో ఉండే ఒక తెగులు. బూజులా కనిపిస్తుంది కానీ నీళ్లలో ఈదే జీవి. దాని బీజాలకు తోకలుంటాయి, మట్టిలో తడి ఉంటే ఈదుకుంటూ వేరును వెతుక్కుంటాయి. చల్లటి తడిలో మందంగా ఉంటుంది, పొడి వేడిలో కదల్లేదు, వెచ్చటి తడి దొరికిందా, ఇక దానిదే రాజ్యం. ఆహారం తెచ్చే సన్నటి పీచువేర్లను తినేస్తుంది. అప్పుడు ఆకులు వాడతాయి. ఆకులు వాడితే మనమేం చేస్తాం? నీళ్లు లేవనుకుని ఇంకా పోస్తాం! రోగమూ మనమే ఇచ్చి, మందు పేరుతో మళ్లీ రోగమే ఇస్తాం. స్పెయిన్, పోర్చుగల్ అడవుల్లో ఓక్‌లు ఎండిపోవడం వెనక ఉన్న పెద్ద కారణాల్లో ఇదొకటి. ఇది కొత్త చోటికి ఎలా వస్తుంది? ఎక్కువగా నర్సరీ సంచిలోని మట్టితో, బురద పట్టిన బూట్లతో, పారలతో. నేను మొక్క వద్దు, కాయ నాటమన్నది ఇందుకే. వచ్చాక వదిలించుకోవడం దాదాపు అసాధ్యం.

అందుకే గడ్డి లాన్ మధ్యలో కార్క్ ఓక్ వద్దు. లాన్‌కు రోజూ స్ప్రింక్లర్ తిరగాలి. రెండూ ఒక చోట బతకవు. చెట్టు పెద్దదయ్యాక కింద ఏదో ఒకటి కావాలనిపిస్తే రోజ్‌మేరీ, లావెండర్, సిస్టస్ లాంటి నీళ్లడగని పొదలు వేయండి, అవి కూడా మొదలుకు ఆనకుండా. అసలు రాలిన ఆకుల్నే అలా వదిలేస్తే ఇంకా మంచిది, ఊడ్చి తగలబెట్టకండి.

చెట్టు కింద తవ్వడం గురించి కూడా. 1929లో పోర్చుగల్ ప్రభుత్వం గోధుమ పండించండని పెద్ద ఉద్యమం నడిపింది. ఓక్ చెట్ల మధ్య నేలంతా దున్నేశారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ట్రాక్టర్లు, బరువైన పళ్ల దంతులు వచ్చాయి. పైపైన పాకిన వేర్లు తెగాయి, గాయాల్లోంచి తెగుళ్లు దూరాయి, నేల కోసుకుపోయింది. అక్కడ చెట్లు, పశువుల మేత, పంట కలిసి ఉండే పద్ధతిని మోంటాడో అంటారు, స్పెయిన్‌లో దెహెసా. ఎకరానికి ఇరవై ముప్పై నలభై చెట్లు, కింద గొర్రెలు, పందులు, రాలిన కాయలు తింటూ. వందల ఏళ్లు నడిచిన పద్ధతి. అది చెడింది చెట్లు కొట్టడం వల్ల మాత్రమే కాదు, చెట్ల కింద గెలకడం వల్ల కూడా. మీ తోటలో గొడుగు నీడ పడేంత మేర పార దించొద్దు. చెట్టుకూ చెట్టుకూ పది పన్నెండు మీటర్లు వదలండి. గోడలకు, సిమెంటు బాటలకు కూడా దాదాపు అంత దూరం. ఇప్పుడు వెలితిగా కనిపిస్తుంది. కనిపించనివ్వండి.

కొమ్మల కత్తిరింపు త్వరగా చెప్పేస్తాను. మొదటి అయిదారేళ్లు కింది కొమ్మల జోలికి పోవద్దు, కాండం లావెక్కేది వాటివల్లే. రెండు తలలు పోటీపడుతుంటే ఒకటి తీసేయండి. తర్వాత చలికాలంలో, ఏడాదికి కొన్ని చొప్పున, రెండున్నర మూడు మీటర్ల ఎత్తు వరకు కాండాన్ని శుభ్రం చేసుకుంటూ రండి. ఒకేసారి గుండు కొట్టించొద్దు. చలి సంగతి, ముదిరిన చెట్టు సున్నా కింద పది డిగ్రీల దాకా తట్టుకుంటుంది, పసి మొక్కలకు మాత్రం మంచు పడే రాత్రుల్లో కప్పు ఉండాలి.

అన్నట్టు, వసంతంలో మీకు ఒక టెన్షన్ వస్తుంది. ఏడాదంతా పచ్చగా ఉంటుందన్నారు, ఇప్పుడు బోలెడు ఆకు రాలుస్తోందేమిటని. దీని ఆకు బతికేది సుమారు ఏడాదే. కొత్త చిగురు వచ్చే వేళకు పాత ఆకు దిగిపోతుంది. కొన్ని రోజులు చెట్టు జబ్బు మనిషిలా కనిపిస్తుంది. అప్పుడు కూడా చెయ్యాల్సింది ఏమీ లేదు. ముఖ్యంగా, నీళ్లు పోయకూడదు.

బెరడు దగ్గరికి వద్దాం. అందరూ దాని కోసమే కాచుకుని ఉన్నారని తెలుసు.

పోర్చుగల్‌లో చట్టం ఉంది. ఛాతీ ఎత్తులో కాండం చుట్టుకొలత 70 సెంటీమీటర్లు వచ్చేదాకా మొదటిసారి ఒలవకూడదు. అంటే సుమారు పాతికేళ్లు. అప్పుడు వచ్చే బెరడు గరుకుగా, పగుళ్లతో ఉంటుంది, బిరడాలకు పనికిరాదు, పొడి చేసి పలకలు చేస్తారు. తర్వాత తొమ్మిదేళ్లు ఆగాలి. రెండోసారి వచ్చింది కూడా అంతంతమాత్రమే. ఇంకో తొమ్మిదేళ్లు. మూడోసారికి, అంటే చెట్టుకు నలభై దాటాక, బిరడాకు పనికొచ్చే నున్నటి బెరడు వస్తుంది. లెక్క వేసుకున్నారా? నాటినవాడు మొదటి బిరడా చూసేసరికి మనవల్ని ఎత్తుకుని ఉంటాడు.

ఒలవడం మే మధ్య నుంచి ఆగస్టు లోపు, చెట్టు చురుగ్గా పెరిగే రోజుల్లోనే. గొడ్డలితో గాటు పెట్టి, పిడితో మెల్లగా ఎత్తుతారు, పెద్ద పలకలుగా ఊడొస్తుంది. లోపల ఒక తల్లి పొర ఉంటుంది, కొత్త బెరడు పుట్టేది దాన్నుంచే. గొడ్డలి ఒక పిసరు లోతుకు పోతే ఆ పొర తెగుతుంది, తెగిన చోట మళ్లీ మంచి బెరడు రాదు. అందుకే అక్కడ ఈ పనివాళ్లకు కూలి ఎక్కువ, తరాల నుంచి నేర్చుకున్న చేతులు వాళ్లవి. ఒలిచిన కాండం మొదట నారింజ ఎరుపులో ఉంటుంది, పోనుపోను ముదురు గోధుమ, ఆనక బూడిద రంగు. ఒలిచిన ఏడాది చివరి అంకెను తెల్ల రంగుతో చెట్టు మీదే రాస్తారు. 2017లో ఒలిస్తే 7. చెట్లే డైరీలు. ఆగ్వాస్ డి మోరా అనే ఊళ్లో 1783లో నాటిన చెట్టు ఒకటి ఉంది, పక్షుల సందడి వల్ల దాన్ని ఈలల చెట్టు అంటారు. ఇరవైసార్లకు పైగా ఒలిచారు. 1991లో ఒక్కసారే 1,200 కిలోలు, లక్షకు పైగా బిరడాలు. 2018లో యూరప్ మేటి చెట్టుగా ఎంపికైంది.

మరి మన తోటలో ఒక చెట్టుంటే ఒలవాలా? వద్దండీ. నా మాట వినండి, వద్దు. పని తెలిసిన చెయ్యి ఉండదు. ఒలిచాక కాండం నుంచి నీళ్లు ఎక్కువగా ఆవిరవుతాయి. పైగా బెరడు చెట్టుకు కవచం. అది పుట్టిందే మంటల కోసం. అడవికి నిప్పంటుకుంటే ఆకులు, చిన్న కొమ్మలు మాడిపోతాయి, లోపల జీవం ఉన్న పొరకు వేడి చేరదు. ఇందాకటి గాలి గదులు గుర్తున్నాయా? అవే. కొన్ని వారాలకు నల్లటి కొమ్మల మీదే చిగుళ్లు వస్తాయి. యూరప్ ఓక్‌లలో ఇలా పై కొమ్మల నుంచి చిగురించేది ఇదొక్కటే అంటారు. కొత్తగా ఒలిచిన చెట్టుకు ఆ కవచం ఉండదు, మంటొస్తే పోతుంది. ఎండ ప్రాంతాల్లో తోట అంటే నిప్పు భయం ఎప్పుడూ ఉండేదే. చెట్టు కింద ఎండుగడ్డి మోకాలెత్తు పెరగనివ్వకండి, కోసేయండి. ఒలవని చెట్టు బెరడు ఏళ్లు గడిచేకొద్దీ లోతైన చాళ్లు పడి, చెయ్యి పెడితే వేళ్లు దిగిపోయేంత అవుతుంది. ఈ చెట్టు అందం అదే. దాన్ని ఒలిచి ఏం చేసుకుంటాం, రెండు బిరడాలా?

పురుగుల గురించి అడిగారు, ఒక్క మాట. కాండంలో సొరంగాలు తొలిచే పురుగులు, ఆకు తినే గొంగళ్లు ఉన్నాయి. గట్టి చెట్టు ఒక ఏడాది ఆకంతా పోగొట్టుకున్నా మళ్లీ వేసుకుంటుంది. తొలిచే పురుగు వచ్చిందంటే చెట్టు అప్పటికే నీరసంగా ఉందన్నమాట. మందు కొట్టేముందు మొదలు దగ్గర మట్టి పట్టుకుని చూడండి, తడిగా ఉందేమో.

ఆ మూల నుంచి ఎవరో అడుగుతున్నారు. ఏమండీ? ఇప్పటికే లాన్‌లో ఉన్న పదేళ్ల చెట్టును ఏం చేయాలి? లాన్‌ను తీసేయండి. నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను. ఒక్కసారిగా కాదు. ఈ ఏడాది మొదలు చుట్టూ రెండు మీటర్లు గడ్డి చెక్కేసి ఆకులు పరవండి. పార లోతుగా దించకుండా. వచ్చే ఏడాది ఇంకో రెండు మీటర్లు. స్ప్రింక్లర్ తలను అటు తిరగకుండా బిగించండి. చెట్టుకు కూడా అలవాటు మార్చుకోవడానికి టైమివ్వాలి, పదేళ్లుగా పైనే తాగుతోంది కదా.

సరే, టైము అయిపోతోంది. ఆ బల్ల మీద రెండు బకెట్లున్నాయి. నాలుగు రోజుల కింద రాలిన కాయలు తెచ్చాను, నిన్న రాత్రి నీళ్లలో వేశాను. మునిగినవి ఎడమ బకెట్లో ఉన్నాయి, అవే తీసుకెళ్లండి, మనిషికి మూడు. తేలినవి కుడి బకెట్లో ఉన్నాయి, వాటిలో చాలావరకు లోపల పురుగు తొలిచినవే, కావాలంటే ఒకటి కోసి చూడండి. పక్కన తడి గుడ్డ ముక్కలున్నాయి, చుట్టుకుని వెళ్లండి. కారు డాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి. ఇవ్వాళ సాయంత్రమే నాటేయండి, జాలీ మర్చిపోకుండా.

ఆ బిరడా ఎవరి దగ్గర ఆగిపోయింది? దయచేసి ముందుకు పంపండి, అది నాకు మళ్లీ కావాలి.